పాత బండికి కొత్త చైను: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా నాన్నగారు 1968లో కొన్న జావా 250 ఇప్పటికీ మా ఇంట్లో నడుస్తోంది. ఆదివారాల్లో బీచ్ రోడ్డు మీదుగా రుషికొండ దాకా వెళ్లి వస్తుంటాను. కొంతకాలంగా గేరు వేసి క్లచ్చు వదలగానే వెనక నుంచి ‘టక్’మని చప్పుడు వస్తోంది. చైను ఎంత బిగించినా వారం తిరక్కుండానే మళ్లీ వదులవుతోంది. స్పేర్ పార్టుల దుకాణంలో మామూలు 428, 428 హెచ్, ఓ-రింగు చైను అని మూడు రకాలు చూపించి, మూడూ మీ బండికి పడతాయన్నారు. మెకానిక్ గారేమో స్ప్రాకెట్లు (చైను తిరిగే పళ్ల చక్రాలు) దొరకడం కష్టం, చైను ఒక్కటే మార్చుకుందామంటున్నారు. ఏది కొనమంటారు? (ఒక పాఠకుడు, పెదవాల్తేరు, విశాఖపట్నం)

జవాబు: మీరు కొనవలసింది మామూలు 428 చైను. అయితే డబ్బు కట్టే ముందు స్ప్రాకెట్ల పరిస్థితి చూడాలి, ఎందుకంటే మీరు చెప్పిన లక్షణాలను బట్టి అరిగింది చైను ఒక్కటే కాకపోవచ్చు.

ముందుగా ఆ అంకెల సంగతి. చైను నంబరులోని మొదటి అంకె పిచ్‌ను, అంటే లింకులను కలిపే ఒక పిన్ను మధ్య నుంచి పక్క పిన్ను మధ్యకు ఉన్న దూరాన్ని, అంగుళంలో ఎనిమిదో వంతుల లెక్కన చెబుతుంది. 4 అంటే నాలుగు ఎనిమిదో వంతులు, అంటే అర అంగుళం, 12.7 మి.మీ. 5 అంటే 5/8 అంగుళం, 15.875 మి.మీ. తరువాతి రెండు అంకెలు లోపలి పలకల మధ్య ఉన్న వెడల్పుకు గుర్తులు. 20 అంటే పావు అంగుళం, 428లోని 28 అంటే 5/16 అంగుళం, 30 అంటే 3/8 అంగుళం. రోలర్ చైనును 1880లో మాంచెస్టర్‌లో రూపొందించిన హాన్స్ రెనాల్డ్ కాలం నుంచి ఈ కొలతలు అంగుళాల్లోనే స్థిరపడిపోయాయి. అందుకే చెకోస్లొవేకియాలో రూపుదిద్దుకుని మైసూరులో తయారైన మీ జావాకు కూడా అర అంగుళం పిచ్, 5/16 అంగుళం వెడల్పు ఉన్న చైనే పడుతుంది.

పిచ్ ఒకటే అయినంత మాత్రాన రెండు చైన్లు ఒకటి కావు. చిన్న బళ్లకు వాడే 420 చైనుకు కూడా పిచ్ అర అంగుళమే. కానీ దాని రోలరు (పిన్ను చుట్టూ దొర్లే చిన్న గొట్టం) వ్యాసం 7.77 మి.మీ., 428 రోలరు వ్యాసం 8.51 మి.మీ. స్ప్రాకెట్టు పళ్ల మధ్య గుంటలను రోలరు వ్యాసానికి తగ్గట్టు కోస్తారు కాబట్టి కొలత తప్పిన రోలరు ఆ గుంటలో సరిగ్గా కూర్చోదు. మీ దుకాణంలో 420 చూపించలేదు గనుక ఆ ప్రమాదం లేదు. అయినా పాత సరుకు విడిగా అమ్మే చోట కొనేవారు పిచ్, లోపలి వెడల్పు, రోలరు వ్యాసం అనే మూడు కొలతలనూ వెర్నియర్‌తో (సన్నని కొలతలు తీసే పరికరంతో) చూసుకోవాలి.

ఇక 428 హెచ్. ఆ అక్షరానికి అర్థం పలకల మందం ఎక్కువ అని. పిచ్, లోపలి వెడల్పు, రోలరు మారవు కనుక స్ప్రాకెట్టు మీద అది చక్కగా కూర్చుంటుంది. దుకాణదారు మూడూ పడతాయన్నది ఆ అర్థంలో నిజమే. అయితే మీ జావాలో చైను బయటకు కనిపించదు. రేకు కవరులో, రెండు రబ్బరు గొట్టాల్లోంచి నడుస్తుంది. చైను బయటి వెడల్పు పెరిగితే ఆ కవరులో ఖాళీ తగ్గుతుంది. ఈ విషయం నేను చేయి కాల్చుకుని నేర్చుకున్నాను. గట్టిగా ఉంటుంది కదా అని నా జావాకు స్వయంగా అడిగి మరీ హెచ్ చైను వేయించాను. సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కుతుండగా వెనక నుంచి గడియారం కొట్టుకుంటున్నట్టు ‘టిక్ టిక్’ అని వినిపించింది. వేగం పెంచితే చప్పుడు దగ్గర దగ్గరగా, తగ్గిస్తే దూరం దూరంగా వస్తోంది. ఇంటికి వచ్చి కవరు విప్పి చూస్తే లోపలి రంగు మీద దారమంత సన్నని తెల్లటి గీత పడి ఉంది. గీత చివర నల్లటి గ్రీజులో రేకు పొడి మెరుస్తోంది. రాసుకుంటున్నది చైను పొడవునా కాదు, చైను రెండు కొనలను కలిపే లింకు, అంటే చైన్ లాక్, ఒక్కదాని దగ్గరే. క్లిప్పు ఉన్న వైపు పిన్నులు మిగతా లింకుల కన్నా బయటికి పొడుచుకుని ఉంటాయి. మామూలు చైనులో సరిపోయే ఆ కాస్త ఖాళీ హెచ్ చైనుకు సరిపోలేదు. క్లిప్పు అలా రాసుకుంటూ పోతే ఒకరోజు ఊడి, చైను కవరులోనే ముడిపడి, వెనక చక్రం బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. మీ బండి ఇంజిను శక్తికి మామూలు 428 బలం చాలు.

ఓ-రింగు చైను మంచి వస్తువే, కొత్త బళ్లకు నేనూ అదే సూచిస్తాను. లోపలి పలకకూ బయటి పలకకూ మధ్య సన్నని రబ్బరు రింగు పెట్టి, పిన్నులో గ్రీజు బయటికి పోకుండా, దుమ్ము లోపలికి రాకుండా అందులో కట్టడి చేస్తారు. కానీ ఆ రింగుల వల్ల చైను హెచ్ కన్నా కూడా వెడల్పవుతుంది. పైగా అది చేసే పనిని మీ బండిలో ఆ రేకు కవరు ఎప్పటి నుంచో చేస్తూనే ఉంది. కవరూ రబ్బరు గొట్టాలూ చిరుగులు లేకుండా ఉంటే మామూలు చైనుకు దుమ్మూ సముద్రపు గాలిలోని ఉప్పూ నేరుగా తగలవు. ఓ-రింగు చైనుకు పెట్టే అదనపు డబ్బుతో కొత్త రబ్బరు గొట్టాలు కొనండి.

ఇప్పుడు మెకానిక్ గారి మాట. చైను సాగింది అంటాం గానీ నిజానికి ఉక్కు పలకలు సాగవు. ప్రతి కీలులోనూ పిన్నూ, దాని చుట్టూ ఉండే బుష్షూ ఒకదానినొకటి రాసుకుని అరుగుతాయి. ఒక్కో కీలులో 0.1 మి.మీ. అరిగినా 120 లింకుల చైను 12 మి.మీ. పొడవు పెరిగినట్టు కనిపిస్తుంది. మీ చైనును విప్పి, కిరసనాయిలుతో కడిగి, బల్ల మీద నిటారుగా లాగి పట్టి, ఒక పిన్ను మధ్య నుంచి లెక్కపెడుతూ ఇరవై పిచ్‌ల దూరం, అంటే ఇరవై ఒకటో పిన్ను మధ్య వరకు కొలవండి. కొత్త చైనులో అది సరిగ్గా 254 మి.మీ. ఉంటుంది. 256.5 దాటితే కొత్త చైను గురించి ఆలోచించాలి, 259కి చేరితే ఇక ఆ చైనుతో బండి బయటికి తీయకూడదు. చైనులో రెండు మూడు చోట్ల కొలవాలి, ఎందుకంటే అరుగుదల అంతటా ఒకేలా ఉండదు.

ఇలా పిచ్ పెరిగిన చైను పళ్ల గుంటల్లో కూర్చోకుండా పైకి ఎక్కుతూ, పళ్లను కూడా తన కొలతకు అరగదీస్తుంది. అలా కొక్కేల్లా వంగిన పళ్ల మీద సరైన పిచ్ ఉన్న కొత్త చైను వేస్తే, ఏడెనిమిది రోలర్లు పంచుకోవలసిన బరువు ఒకటి రెండు రోలర్ల మీదే పడుతుంది. చైను కొద్ది నెలల్లోనే పాతదానిలా తయారవుతుంది. చైనుతో పాటు ముందు, వెనక స్ప్రాకెట్లను కూడా మార్చాలని నేను ఇంతగా చెప్పడానికి కారణం అదే. జావా స్ప్రాకెట్లు కొత్తగా చేసి అమ్మేవారు ఉన్నారు, కొంచెం వెతకాలి. దొరికేదాకా, పాత చైను కొలత 259కి చేరకపోతే పాత చైను, స్ప్రాకెట్లతోనే నెమ్మదిగా నడపండి, చేరితే బండిని నిలిపి ఉంచండి. కొత్త చైనును అరిగిన పళ్లకు అప్పగించవద్దు.

లింకుల సంఖ్యను పాత చైను నుంచి తీసుకోవచ్చు గానీ ఎప్పుడో ఎవరో వదులు తగ్గించడానికి లింకులు తీసి ఉండవచ్చు. కొత్త చైను వేసి సరైన వదులు ఇచ్చినప్పుడు వెనక ఇరుసు దాని గాడిలో ముందు వైపు మూడో వంతులో ఉండాలి. లెక్కపెట్టేటప్పుడు రోలర్లను లెక్కించండి. ఒకరు జతలుగా లెక్కపెట్టి 60 అని, మరొకరు విడివిడిగా లెక్కపెట్టి 120 అని, దుకాణంలో గంటసేపు వాదించుకోవడం నేను చూశాను.

ఇంకొక్క మాట. పాత చైనును కవరులోంచి పూర్తిగా లాగేయవద్దు. దాని చివరకు కొత్త చైనును చైన్ లాక్‌తో కలిపి, పాతదానిని మెల్లగా లాగితే కొత్తది రబ్బరు గొట్టంలోంచి, ముందు స్ప్రాకెట్టు మీదుగా తిరిగి తానే బయటికి వస్తుంది. గేరు న్యూట్రల్‌లో ఉండాలి. ఈ పని తెలియక ఇంజిను పక్క కవరు కూడా విప్పించుకునేవారు ఉన్నారు.

ప్రశ్న: ఉక్కు కర్మాగారంలో మెయింటెనెన్స్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. నా దగ్గర 1970ల నాటి బుల్లెట్ 350 ఉంది. యంత్రాలకు వాడే 5/8 అంగుళం పిచ్ చైను మార్కెట్లో దొరుకుతోంది, కొలతలు కూడా కలుస్తున్నాయి. బండికి వేయవచ్చా? (ఒక పాఠకుడు, గాజువాక)

జవాబు: కొలతలు కలుస్తాయన్న మీ మాట సరైనదే. యంత్రాలకు వాడే అమెరికన్ 50 నంబరు చైనుకూ బళ్ల 530 చైనుకూ పిచ్ 15.875 మి.మీ., రోలరు 10.16 మి.మీ., లోపలి వెడల్పు సుమారు 9.5 మి.మీ. అర అంగుళం చైన్లలో మాత్రం ఈ పొంతన ఉండదు. అమెరికన్ 40 నంబరు చైను రోలరు 7.92 మి.మీ. కాబట్టి అది 428కి బదులు కాదు, బ్రిటిష్ 08 బి అయితే రోలరు 8.51 మి.మీ. తోనే వస్తుంది.

అయినా మీ బండికి దానిని వేయవద్దనే చెబుతాను. కర్మాగారంలో చైను కదలని రెండు ఇరుసుల మధ్య, దాదాపు ఒకే వేగంతో, ఒకే రకమైన బరువుతో, తరచు ఆయిలు అందుకుంటూ పనిచేస్తుంది. అది మీకు నాకన్నా బాగా తెలుసు. బుల్లెట్‌లో ఒక్క పెద్ద పిస్టను కొట్టే ప్రతి దెబ్బా చైనుకు తగులుతుంది, గోతిలో పడిన ప్రతిసారీ చక్రం పైకీ కిందికీ ఊగుతుంది. వెనక స్ప్రాకెట్టుకు 38 పళ్లు ఉన్న బుల్లెట్ గంటకు 60 కి.మీ. వేగంతో వెళుతుంటే చైను సెకనుకు దాదాపు 5 మీటర్లు పరుగెడుతుంది. బండి చైన్ల పలకల మందాన్నీ పిన్నుల గట్టిదనాన్నీ ఈ కుదుపులను దృష్టిలో పెట్టుకుని నిర్ణయిస్తారు. కోయంబత్తూరు సంస్థ చేసే రోలాన్, చెన్నై సంస్థ చేసే డైమండ్ వంటి బండి చైన్లు సులువుగానే దొరుకుతున్నప్పుడు ఈ సాహసం అవసరం లేదు.

మీరు పట్టించుకోవలసింది వెడల్పు. పిచ్ 5/8 అంగుళమే అయిన 520 చైనుకు లోపలి వెడల్పు పావు అంగుళం, 530కి 3/8 అంగుళం. బండి పేరును బట్టి కొనకుండా స్ప్రాకెట్టు పంటి మందాన్ని అరగని చోట వెర్నియర్‌తో కొలవండి. పన్ను చైను లోపలి వెడల్పు కన్నా సుమారు అర మిల్లీమీటరు పలచగా ఉండాలి. సన్నని పంటి మీద వెడల్పు చైను వేస్తే ఎక్కుతుంది, తిరుగుతుంది కూడా. కానీ పక్కలకు ఊగుతూ పలకలు కోసుకుపోతాయి.

స్ప్రాకెట్ల విషయంలో బుల్లెట్ కొంచెం ఖర్చు పెట్టిస్తుంది. డ్రమ్ము బ్రేకు ఉన్న పాత బుల్లెట్లలో వెనక స్ప్రాకెట్టు, బ్రేకు డ్రమ్ము ఒకే పోత. పళ్లు అరిగితే డ్రమ్ముతో సహా మార్చాలి, కొత్త డ్రమ్ముకు బ్రేకు షూలు సరిగా ఆనుతున్నాయో లేదో కూడా చూసుకోవాలి. పాత పళ్లను లేతులో కోసేసి కొత్త పళ్ల చక్రం వెల్డింగు చేయించే పద్ధతి నాకు నచ్చదు, ఆ వేడికి డ్రమ్ము గుండ్రదనం పోతే పోయేది బ్రేకే. ముందు స్ప్రాకెట్టు క్లచ్చు వెనకాల ఉంటుంది. దానిని తీయాలంటే ప్రైమరీ కవరు (ఇంజిను నుంచి క్లచ్చుకు వెళ్లే చైను మీది కవరు), క్లచ్చు విప్పక తప్పదు. అందుకే చాలామంది దానిని ముట్టుకోకుండా వెనకది మాత్రమే మారుస్తారు. పళ్లు తక్కువ ఉన్నది కాబట్టి, ఒక్కో పంటికి దెబ్బలు ఎక్కువ పడేది ముందు స్ప్రాకెట్టుకే. క్లచ్చు ప్లేట్లు మార్చే పని వచ్చినప్పుడు దీనిని కూడా కలిపి చేయించుకుంటే కూలి ఒక్కసారే అవుతుంది.

ప్రశ్న: మా ఇల్లు భీమిలిలో సముద్రానికి ఎదురుగా ఉంది. కవరు లేని నా పాత బండికి చైను వేసిన మూడు నెలలకే తుప్పు పడుతోంది. తెలిసినవారు పాత ఇంజిన్ ఆయిలు పోయమంటున్నారు. సరైన పద్ధతి ఏది? (ఒక పాఠకురాలు, భీమునిపట్నం)

జవాబు: అమ్మా, మీరు చూస్తున్నది పలకల మీది తుప్పు అయితే అంత భయం లేదు. పిన్నులకూ పలకలకూ మధ్య సందులోంచి కుంకుమ రాలినట్టు ఎర్రటి పొడి వస్తోందేమో చూడండి. వస్తుంటే కీలు లోపల నూనె పూర్తిగా అయిపోయి ఉక్కును ఉక్కు తినేస్తోందని అర్థం. ఉప్పు గాలిలోని తేమను లాక్కుని చైనును ఎప్పుడూ తడిగా ఉంచుతుంది కాబట్టి తుడవడం ఒక్కటే చాలదు, ఉప్పును కడిగేయాలి. కడగడానికి మంచినీళ్లు వాడండి. తీరం వెంబడి కొన్ని బోర్ల నీళ్లే ఉప్పగా ఉంటాయి, వాటితో కడిగితే ఉన్న ఉప్పుకు మరికొంత చేర్చినట్టవుతుంది.

పాత ఇంజిన్ ఆయిలు వద్దు. దానిలో మసి, లోహపు రజను, ఆమ్లాలు ఉంటాయి. వడకట్టినా ఇవి పోవు. దానికి అంటిన ఇసుకతో కలిసి అది సానపెట్టే ముద్దలా పనిచేస్తుంది. 90 నంబరు గేర్ ఆయిలు చవకైనదీ, ఓ-రింగులు లేని పాతరకం చైనుకు తగినదీ. రెండు మూడు నెలలకోసారి చైను విప్పి కిరసనాయిలుతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, గేర్ ఆయిలు పోసిన రేకు డబ్బాలో చుట్టగా పెట్టండి. ఆ డబ్బాను పొయ్యి మీద నుంచి దించిన వేడినీళ్ల గిన్నెలో ఉంచండి. నూనె డబ్బాను నేరుగా మంట మీద ఎప్పుడూ పెట్టకూడదు. వేడికి నూనె పలచబడి కీళ్లలోకి దిగుతుంటే ఒక్కో రోలరు పక్క నుంచి సన్నని బుడగలు వరుసగా పైకి వస్తాయి. బుడగలు ఆగేదాకా ఉంచి, చల్లారాక తీసి, రాత్రంతా మేకుకు వేలాడదీసి, ఉదయం పైన మిగిలిన జిడ్డును గుడ్డతో తుడిచేయండి. పైన నిలిచిన నూనె ఇసుకను పట్టుకోవడం తప్ప మరేమీ చేయదు.

మధ్యలో వారం పది రోజులకోసారి, బండి నడిపి వచ్చిన వెంటనే, చైను వెచ్చగా ఉన్నప్పుడు కింది వరస లోపలి వైపున పలకలు కలిసే సందుల్లో చుక్క చుక్కగా వేస్తే చాలు. ఉదయం బయలుదేరే ముందు వేస్తే అది చైనుకన్నా వెనక టైరుకే ఎక్కువ అంటుతుంది. అది ప్రమాదం కూడా.

ప్రశ్న: కొత్త చైను ఒక లింకు ఎక్కువైతే బిగుతుకు రావడం లేదు, ఒక లింకు తీస్తే లాక్ కలవడం లేదు. సగం లింకు వేయవచ్చా? చైన్ లాక్ క్లిప్పు ఎటు తిప్పి పెట్టాలి? వదులు ఎంత ఉండాలి? (ఒక పాఠకుడు, కంచరపాలెం)

జవాబు: లోపలి లింకు, బయటి లింకు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి కాబట్టి చైనుకు సరి సంఖ్యలోనే లింకులు ఉండాలి. బేసి సంఖ్య కోసం వేసే వంకర సగం లింకు మొత్తం చైనులో అతి బలహీనమైన భాగం. ఇల్లు చేరడానికి తప్ప దానిని వాడవద్దు. రెండు లింకులు తీసి, ఇరుసును ముందుకు జరిపి చూడండి. అప్పటికీ కుదరకపోతే ఎవరో స్ప్రాకెట్టు పళ్ల సంఖ్య మార్చి ఉంటారు, మాన్యువల్‌తో పోల్చుకోండి.

క్లిప్పు మూసి ఉన్న గుండ్రటి కొన చైను నడిచే దిక్కుకు ఉండాలి. చైను పై వరసలో ముందుకు నడుస్తుంది కాబట్టి, లాక్ పై వరసలో ఉండగా చూస్తే గుండ్రటి కొన హెడ్‌లైటు వైపు, చీలిన కొన వెనక వైపు ఉంటాయి. చైను మార్చిన ప్రతిసారీ కొత్త క్లిప్పు వేయాలి. బిగువు తగ్గిన పాత క్లిప్పును శ్రావణంతో నొక్కి వాడకూడదు.

వదులు, అంటే చైను పైకీ కిందికీ కదిలే మేర, చాలా పాత బళ్లకు 20 నుంచి 30 మి.మీ. మధ్య ఉంటుంది, మీ బండి మాన్యువల్‌లో ఉన్నదే ప్రమాణం. చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ చైను అన్నిటికన్నా బిగువుగా ఉన్న చోట, కింది వరస మధ్యలో కొలవాలి. కొలిచాక ఒకరిని బండి మీద కూర్చోబెట్టి మళ్లీ చూడండి. వెనక చక్రం పైకి లేచి ముందు స్ప్రాకెట్టు, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని ఊగే చేయి) కీలు, వెనక ఇరుసు ఒకే వరసలోకి వచ్చినప్పుడు చైను అతి బిగువుగా ఉంటుంది. అప్పుడు కూడా వేలితో నొక్కితే కొద్దిగా కదలాలి. కదలకపోతే గేరు పెట్టె బేరింగు మీద భారం పడుతోందని గుర్తించి, ఇరుసును మళ్లీ ముందుకు జరపండి.